పడవ పొట్టలో నీళ్లు

ఈరక్క పుట్టిన ఊళ్లో నీళ్లంటే బిందెలో ఉండేవి, కడవలో ఉండేవి, కాలం బాగుంటే గాబులో ఉండేవి. ఆలూరు దిక్కున నల్లరేగడి చేల మధ్య ఊరది. ఎండలు ముదిరితే ఆడవాళ్లంతా కడవలెత్తుకుని వాగు ఇసకలో చెలమలు తీయడానికి పోయేవాళ్లు. చెలమలో నీరు ఊరేదాకా గట్టున కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్లు. అవతలి ఒడ్డు మసకమసగ్గా కనిపించేటన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయని ఆ పిల్ల వినడమే తప్ప చూసింది లేదు.

పెళ్లయిన మర్నాడు చూసింది. ఆమెను ఇచ్చింది తుంగభద్ర ఒడ్డు ఊరికి. పెళ్లికొడుకు పేరు చిన్న ఈరన్న. ఉరుకుంద ఈరన్నసామిని కొలిచే ఆ పల్లెల్లో ఇంటికో ఈరన్న ఉంటాడు, ఆ ఇంట్లో మాత్రం ఇద్దరు. అన్న పెద్ద ఈరన్న, తమ్ముడు చిన్న ఈరన్న. తమ్ముడిది పుట్టి నడిపే పని. ఈ ఒడ్డు నుంచి అవతల కర్ణాటక ఒడ్డుకు మనుషుల్నీ, మూటల్నీ, గొర్రెల్నీ దాటించేవాడు. కొత్త కోడల్ని అవతలి ఒడ్డున ఉన్న మేనత్తకు చూపించి రావాలని ఇంట్లోవాళ్లు ఆ ఉదయమే పంపించారు.

పుట్టిని చూసి ఈరక్క గట్టు మీదే ఆగిపోయింది. అది పడవ కాదు, మూతలేని పెద్ద గంప. వెదురు దబ్బలతో అల్లి, అడుగున సంచులు కుట్టి, పైన తారు పూసిన గంప. ఈరన్న తాతల నాడు సంచుల బదులు తోలు కప్పేవాళ్లట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు ఒక పక్కనే వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

"ఇది యాటికి పోతాది?" అని అడిగింది ఈరక్క. మొగుడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"నేను యాటికి పొమ్మంటే ఆటికి పోతాది. ఎక్కు," అన్నాడు ఈరన్న.

ఎక్కింది. కళ్లు గట్టిగా మూసుకుని అతని చొక్కా అంచు పట్టుకుంది. ఒడ్డు చేరాక కళ్లు తెరిస్తే చొక్కా గుండీ ఒకటి ఆమె గుప్పిట్లో ఉంది. ఈరన్న గుండీ వంక చూసి, ఆమె వంక చూసి, తెడ్డు ఒడ్డుకు ఆనించి చెయ్యి అందించాడు. ఆ మాట ఊళ్లో చెప్పి నవ్వించే మనిషి కాదతను. అందుకే ఆమెకు నచ్చాడు.

భయం ఒక్కరోజులో పోలేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం పుట్టిలో కూర్చుని పల్లీలు ఒలుచుకునేంత అలవాటయింది. ఆ తర్వాత తెడ్డు పట్టింది. మొగుడికి జ్వరం వచ్చిన రోజుల్లో తనే పుట్టి నడిపింది. కొడుకు వీరేష్ కడుపులో ఉన్నప్పుడు కూడా నీళ్లు తోడే డబ్బా ఆమె చేతిలోనే ఉండేది. పుట్టి అడుగున ఎప్పుడూ కొద్దిగా నీళ్లు చేరేవి. పాత నూనె డబ్బా సగానికి కోసి, దాంతో తోడి పారబోసేది. అదొక పనిగా ఆమె ఎన్నడూ అనుకోలేదు. పుట్టిలోకి నీళ్లొస్తే కంటికి కనిపిస్తాయి. కనిపించిన నీళ్లను తోడెయ్యడమెంతసేపు?

ఎవరెవరు ఎక్కేవాళ్లు ఆ పుట్టి! అవతలి నుంచి మజ్జిగ కుండలతో గొల్లామెలు, ఈవలి నుంచి జొన్న మూటలతో రైతులు, సంతకు పోయే గాజులాయన, మొహరం పండక్కి పీర్లు చూడటానికి పోయే గుంపు. ఒకసారి పెళ్లిబృందం ఎక్కింది. మధ్యలో ఉండగా వాన దంచింది. పెళ్లికూతురు తల మీద అందరూ కలిసి చాప పట్టుకున్నారు, పెళ్లికొడుకు మాత్రం నిలువునా తడిశాడు. కన్నడంవాళ్లు తెలుగు మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు కన్నడం. పుట్టిలో కూర్చున్నంతసేపూ ఎవరి మాట ఏదో ఎవరికీ పట్టేది కాదు. ఊరివాళ్లు పుట్టికి కూలి పంటప్పుడే ఇచ్చేవాళ్లు, కళ్లంలో కొలిచిన జొన్నలూ కొర్రలూ. ఇంటి మూలన ఆ జొన్నల గుమ్మి ఎత్తు చూసి ఈరక్క ఆ ఏడు ఎట్లా గడుస్తుందో చెప్పేది.

తర్వాత ఎగువన వంతెన వచ్చింది. బస్సులొచ్చాయి, ఆటోలొచ్చాయి, ఇంటింటికీ మోటారు సైకిళ్లు వచ్చాయి. పుట్టికి మిగిలింది అవతల పొలాలున్నవాళ్లు, అవతలి మిరపతోటలకు కూలికి పోయే ఆడవాళ్లు. వాళ్లు వంతెన చుట్టి పోవాలంటే పొద్దు సగం దారిలోనే అయిపోతుంది. పుట్టిలో పోతే నోట్లో వక్క నానేలోపు అవతల ఉంటారు. కానీ పుట్టి అల్లే మనుషులు ఒక్కొక్కరే పోయారు. ఈరన్న దగ్గరున్న చివరి పుట్టి దబ్బలు విరిగి, తారు పూసిన ప్రతి చోటా మళ్లీ చిల్లి పడి, ఒక వరదలో కొట్టుకుపోయింది.

అప్పుడు పుట్టింది ఈరన్నకు ఫైబరు పడవ పిచ్చి. ఎప్పుడో కడప దిక్కు పోయినప్పుడు ఒక రిజర్వాయరులో జనాన్ని తిప్పే పడవలు చూసొచ్చాడు. వాటిలో ఒకటి పాతబడి అమ్ముతున్నారని తెలిసి మళ్లీ పోయాడు. అమ్మిన మనిషి పేరు ఓబుళేశు. పడవను లారీలో వేసుకుని ఈరన్న ఊళ్లోకి దిగిన రోజు బడి కూడా సగం ఖాళీ అయింది. నీలం రంగు పడవ. పక్కన చిలక బొమ్మ. దాని ముక్కు చెరిగిపోయి తోక మాత్రం మిగిలింది. లోపల చదునుగా పలక, దాని కింద ఇంకో అడుగు. రెండు పొరల పడవ.

"రెండడుగులు ఏంటికయ్యా?" అని అడిగింది ఈరక్క.

"మధ్యన గాలి ఉంటాది, స్పాంజి ఉంటాది. మునగమన్నా మునగదంట," అన్నాడు ఈరన్న. ఆ గొంతులో మురిపెం ఆమె అంతకుముందు ఒక్కసారే విన్నది, వీరేష్ పుట్టినప్పుడు.

నదిలో దించే ముందు ఈరన్న ఆ పడవకు ఒక పని చేశాడు. ఊరి వెల్డింగు షాపు నుంచి డ్రిల్లింగ్ మిషను అడిగి తెచ్చి, వెనక భాగాన ఈరక్క కూర్చునే చోట లోపలి పలకకు బొక్కలు వేసి, నాలుగు ఇనుప కడియాలు బోల్టులతో బిగించాడు. "పట్టుకోనీకి ఏమన్నా ఉంటే నీకు ధైర్యం," అన్నాడు. నది మీద నలభై ఏళ్లు గడిపిన మనిషికి ఇంకా భయమేమిటని ఈరక్కకు నవ్వొచ్చింది. అతని మనసులో తను ఇంకా చొక్కా అంచు పట్టుకున్న ఆ పిల్లేనని అర్థమై, నవ్వు ఆపుకుంది. ఆ రోజు నుంచి పడవెక్కినప్పుడల్లా ఒక కడియం మీద చెయ్యి వేసి కూర్చునేది, అతనికి కనిపించేలా.

ఒక పంటకారు బాగా నడిచింది పడవ. మిరపకోతల్లో రోజూ రెండు మూడు మార్లు ఆడవాళ్లను దాటించింది. మరుసటి ఏడు వానలు తెరిపిచ్చాక మళ్లీ నదిలోకి దించేసరికి దాని తీరు మారిపోయింది. తెడ్డుకు కదలదు. వెనక భాగం నీళ్లలోకి కుంగి, ముందు భాగం పైకి లేస్తోంది. లోపల చూస్తే పలక పొడిగా ఉంది. తోడటానికి చుక్క నీళ్లు లేవు. పడవ మాత్రం నీళ్లలోకి దిగిపోయే ఉంది.

"లోపల సూస్తే పొడిగా ఉండాది, బరువు సూస్తే బండరాయి. ఇదేం మాయప్పా," అన్నాడు ఈరన్న. గట్టు మీద నిలబడ్డవాళ్లు ఊరికే ఉంటారా? "గంపను నమ్మినోడు ప్లాస్టిక్కును నమ్మినాడు," అన్నారు. "కడపోళ్లు బాగా మోసం చేసినారు," అన్నారు. ఈరన్న ఓబుళేశుకు ఫోను చేసి నోటికొచ్చిన మాటలన్నాడు. ఎవరినీ అనని మనిషి, ఆ రోజు అన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుని, "నా కంటికి మంచి చెడ్డ తెలుస్తాదనుకుంటి ఈరీ," అన్నాడు.

పడవను ట్రాక్టరుతో లాగించి ఇంటి వెనక గడ్డివామి పక్కన పెట్టించాడు. ఆ చలికాలమే రొమ్ములో నెమ్ము పట్టి ఈరన్న పోయాడు.

నాలుగేళ్లు పడవ అక్కడే ఉంది. కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి. కోడలు శివలీల దాని అంచున చింతపండు ఆరబెట్టింది. ట్రాక్టరు నడిపే వీరేష్ ఒకటి రెండుసార్లు, "దాన్ని కోసేసి గొడ్లకు గాబు చేద్దామా?" అన్నాడు. ఈరక్క వద్దనలేదు, సరేననలేదు. కసువు ఊడ్చేటప్పుడు మాత్రం పడవ చుట్టూ కూడా ఊడ్చేది.

మొన్నటి మిరపకోతలు అయిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం కోత ఆడవాళ్ల మేస్త్రి ఉరుకుందమ్మ వచ్చి వీళ్ల ఇంటి ముందు కూలబడింది. ఈరక్క ఈడుదే. ఆటో చెడిపోయి, వంతెన దగ్గర్నుంచి ఆడవాళ్లంతా నడిచొచ్చారు. చెంబుడు నీళ్లు తాగి, పాదాలు చేత్తో రుద్దుకుంటూ, "ఈరన్న ఉన్నప్పుడే నయం. పొద్దు ఉండంగనే ఇల్లు జేరుతాంటిమి," అంది. మాట అనేసి, అనకూడనిది అన్నట్టు ఈరక్క మొహంలోకి చూసింది.

"నేనుండా గదా," అంది ఈరక్క.

ఆ మాట ఆమె నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఉరుకుందమ్మ మాత్రం గట్టిగా పట్టుకుంది. "ఉండావు. పడవ యాడుంది?" అంది.

హనుమేష్ దొరికింది ఆ వారంలోనే. ఎమ్మిగనూరు నుంచి వచ్చి పల్లెల్లో ఫైబరు నీళ్ల ట్యాంకులు అతికే మనిషి. లారీల బంపర్లు, స్నానాలగది తలుపులు, ఏదైనా అతుకుతాడు. మిద్దె మీది ట్యాంకు పగిలిందని శివలీల పిలిపించింది. అతను రెజిను జిగురు కలిపి, ఫైబరు గుడ్డ పరిచి, బ్రష్షుతో అద్దుతుంటే ఈరక్క నిచ్చెన మీద సగం ఎక్కి చూస్తూ నిలబడింది.

"నీళ్లు బయటికి రాకుండా అతుకుతాండావు. లోపలికి పోకుండా కూడా అతుకుతావా నాయనా?" అని అడిగింది.

"లోపలికి అంటే?"

"కిందికి దిగిరా, చూపిస్తా."

హనుమేష్ పడవ చుట్టూ తిరిగాడు. "పడవ ముట్టుకోవడం ఇదే మొదలమ్మా. కాదు కూడదంటే తిట్టొద్దు," అని ముందే చెప్పాడు. స్క్రూడ్రైవరు పిడితో ముందు భాగం మీద కొట్టాడు. బోలుగా ఠంగుమంది. కొంచెం వెనక్కి వచ్చి కొట్టాడు, మళ్లీ అదే చప్పుడు. వెనక భాగానికి వచ్చేసరికి చప్పుడు దబ్బుమని చచ్చిపోయింది. పండిన పుచ్చకాయా పచ్చి కాయా చూసేవాడిలా చెవి ఆనించి మళ్లీ కొట్టాడు. తర్వాత వీరేష్‌నూ ఇంకో ఇద్దరినీ పిలిచి, అంచు పట్టుకుని పడవను ఊపమన్నాడు.

లోపల గలగలమంది.

అందరూ ఆగిపోయారు. నాలుగు ఎండాకాలాలు. ఆ నాలుగేళ్లూ మేలో గోడలు నెర్రెలిచ్చాయి, గాబులో నీళ్లు పొద్దున పోస్తే సాయంత్రానికి ఇంకిపోయాయి. ఆ పడవ పొట్టలో మాత్రం నీళ్లు ఉండిపోయాయి.

"రెండు పొరల మధ్యకు పోయినాయమ్మా. బయటికి దారి లేదు. ఎండ తగిలినా ఆవిరి యాటికి పోతాది? మళ్లీ ఆడనే చెమరుస్తాది," అన్నాడు హనుమేష్.

మర్నాడు మిషనుతో వచ్చాడు. పడవ ముందు భాగాన్ని ఎత్తి కింద పాత ట్రాక్టరు టైర్లు పెట్టారు. నీళ్లన్నీ వెనక్కి దిగాక, అన్నిటికంటే పల్లపు మూలన హనుమేష్ బొక్క వేశాడు. నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది. పుల్ల పెట్టి కెలికాడు. మళ్లీ నాలుగు చుక్కలు. వీరేష్ పెదవి విరిచాడు.

"నూనె డబ్బాకు ఒక్కటే బొక్క పెడితే నూనె పడతాదా అన్నా? పైన గాలి దారి కావల్ల," అని హనుమేష్ ముందు వైపు పలకకు ఇంకో బొక్క వేశాడు. లోపలికి గాలి పీల్చిన చప్పుడు అయింది. ఆ వెంటనే వెనక బొక్కలోంచి నీళ్లు చిటికెన వేలంత ధారగా బయటికి దూకాయి.

నల్లటి నీళ్లు. కుళ్లిన నాచు వాసన పెరడంతా నిండింది. శివలీల కొంగు ముక్కుకు కట్టుకుంది. ఈరక్క ఎక్కడికీ కదలకుండా ఆ ధార పక్కనే కూర్చుంది. ఆయన చివరిగా పడవ దించినప్పుడు లోపల ఉన్నవి కూడా ఈ నీళ్లే కదా అని ఆమెకు తోచింది. కొంత కడప నీళ్లు, కొంత తుంగభద్ర నీళ్లు, ఎక్కువగా వాన నీళ్లు అయ్యుంటాయి. ఆయన తోడుదామంటే చేతికి దొరకని నీళ్లు. ఆమె వేలు ధార కింద పెట్టింది. చల్లగా ఉన్నాయి. బక్కెట్లు నిండుతుంటే శివలీల వేప మొక్కకు పోయబోయింది. "చెట్టుకు వద్దు, దూరంగా పారబొయ్యి," అంది అత్త. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా కారుతూనే ఉంది.

నీళ్లు పోయినా పడవ బరువు పూర్తిగా పోలేదు. లోపలి స్పాంజి నీళ్లు తాగి ఉబ్బింది. అది ఎండలో ఆరేది కాదని, పలక కోసి బయటికి తీయాల్సిందేనని హనుమేష్ చెప్పాడు. గోధుమరంగుకు తిరిగిన ఆ స్పాంజిని అత్తాకోడళ్లు చేతులతో, పారతో పెళ్లగించి గంపలకెత్తారు. పాలలో నానేసిన బన్నురొట్టెలా చేతిలో పిండితే నీళ్లు కారాయి. నోరు తెరుచుకున్న పడవ ఏప్రిల్ ఎండకు ఆరింది. కర్నూలు ఎండ అందరినీ ఏడిపిస్తుంది గానీ ఆ పడవకు మాత్రం మేలే చేసింది. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, ఈరక్క టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తేది.

ఆరాక హనుమేష్, "ఇంక దారి వెతకల్ల. యాడినుంచి పోయినాయో తెలీకుండా మూస్తే మళ్లీ పోతాయి," అన్నాడు. బక్కెట్లో పసుపు కలిపాడు. ముందు పడవ బయటి అడుగంతా పోసి చూశాడు. లోపలికి ఒక్క చుక్క రాలేదు. అంచు పొడవునా పోశాడు. రాలేదు. తర్వాత పలక మీద, వెనక భాగాన పోశాడు. కోసిన సందులోంచి తల లోపలికి పెట్టి చూస్తున్న వీరేష్, "వస్తాండాది," అన్నాడు.

నాలుగు కడియాల కింద నాలుగు బోల్టుల పొడవునా పసుపు నీళ్లు సన్నగా జారుతున్నాయి.

"ఈ కడియాలు బిగించింది ఎవురప్పా? రబ్బరు వాషరు కూడా ఎయ్యలే. వాన పడినప్పుడంతా ఈడ నుంచే దిగింది," అన్నాడు హనుమేష్.

వీరేష్ తల బయటికి తీసి అమ్మ వంక చూశాడు. అతనికీ గుర్తుంది.

"ఆయనే బిగించినాడు," అంది ఈరక్క. "నేను పట్టుకుంటానని."

హనుమేష్ బక్కెట్టు కింద పెట్టి, ఏదో పని ఉన్నట్టు మిషను వైరు చుట్టడం మొదలుపెట్టాడు. ఈరక్క లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. తనకు భయం ఎప్పుడో పోయిందని ఒక్క మాట ఆయనకు చెప్పి ఉంటే ఆ కడియాలు ఉండేవే కావు. చెప్పకపోవడం తప్పని ఆమెకు అనిపించలేదు. తన కోసం ఆయన భయపడటం ఆమెకు ఇష్టంగా ఉండేది, అంతే. కానీ ఆయన పోయేదాకా తన కన్ను మోసపోయిందని నలిగాడు. మంచి పడవను చూసి మంచిదనే కొన్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియకుండానే పోయాడు. పొయ్యి వెలిగించకుండానే చాలాసేపు కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"కడియాలు తీసేసి బొక్కలు మూసేదా అమ్మా?" అని హనుమేష్ అడిగాడు.

"ఉండనీ. వాషర్లు ఏసి బిగించు. ఎక్కేటోళ్లకు కావల్ల," అంది.

ఆ సాయంత్రం ఈరక్క కోడలితో ఓబుళేశు నంబరు వెతికించింది. అవతల ఫోనెత్తింది ఒక ముసలి గొంతు.

"నేను తుంగభద్ర ఒడ్డు పడవాయన పెండ్లాన్నప్పా. చిలక బొమ్మ పడవ," అంది.

"ఆయన బాగుండాడామ్మా?" అన్నాడు ఓబుళేశు.

"పోయినాడప్పా. నాలుగేండ్లాయ. నిన్ను ఆ రోజు శానా మాటలనినాడు. పడవలో లోపమేమీ లేదు. మావాళ్ల చేతి పనే. ఆ మాట చెప్పనీకే చేస్తాండా."

ఓబుళేశు దగ్గి గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది కూడా ఉండాది తల్లీ. ఆ పడవకు ఎనక కింద బిరడా ఉండాది. ఒడ్డుకు లాగినప్పుడంతా అది తిప్పితే లోపల ఉన్న నీళ్లు పోతాయి. చూడనీకి వచ్చిన పిల్లోళ్లు ఊరికూరికే తిప్పేస్తాంటే నేనే ఫైబరు పేస్టు పూసి, పైన రంగు కొట్టేస్తి. అమ్మేటప్పుడు చెప్పల్ల. మర్చిపోతి. ఆయన ఫోను చేసిన రోజు కూడా, తిట్లు వినేసరికి నాకూ కోపమొచ్చి ఆ ఆలోచనే రాలే." కొంచెం ఆగి, "ఆయన ఆ పడవను కొనే ముందు పొద్దంతా మా నీళ్లల్లో తిప్పినాడమ్మా. ఎండకు మేమంతా ఒడ్డెక్కినాము, ఆయన ఎక్కలే. మా ఇంట్లోదానికి చూపియ్యల్ల అంటాండె," అన్నాడు.

ఈరక్క ఫోను కోడలి చేతికిచ్చేసి, బయటికి పోయి పడవ వెనక భాగాన్ని చేత్తో తడిమింది. నీలం రంగు కింద ఒకచోట రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉబ్బెత్తు తగిలింది. మర్నాడు హనుమేష్ దాన్ని గీకి, గట్టిపడిన పేస్టు తవ్వితీసి, కొత్త ఇత్తడి బిరడా అమర్చాడు. తను వేసిన బొక్కలు రెండూ మూసేశాడు.

స్పాంజి స్థానంలో ఏం పెట్టాలన్నది తర్వాతి మాట. మళ్లీ స్పాంజి పెడితే మళ్లీ తాగుతుందేమోనని ఈరక్కకు అనుమానం. మూత బిగిసిన ఖాళీ క్యాన్లు పేర్చినా తేలుతుంది కదా అని హనుమేష్ అన్నాడు. ఉరుకుందమ్మ ఆ మాట మిరపకోత ఆడవాళ్లకు చేరేసింది. ఇక చూడాలి, పొద్దున్నే ఒక్కొక్కరూ కొంగు చాటున నూనె క్యాన్లు పట్టుకుని రావడం. పొద్దుతిరుగుడు నూనెవి, పల్లీనూనెవి, గుడి దగ్గర దొరికిన దీపం నూనెవి. ఒకామె సగం నూనె ఉన్న క్యానే తెచ్చి, "వంచుకోండి, ఇంటికి పోయి వంచుకొస్తే ఆలస్యమైతాది," అంది. వాటిని బూడిదతో తోమి, ఎండబెట్టి, మూతల చుట్టూ మైనం కరిగించి పోశారు. పడవ పొట్టలో క్యాన్లు పేరుస్తుంటే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఈరన్న పుట్టి కాలం ముచ్చట్లు తీశారు. పెళ్లికూతురు మీద చాప పట్టిన కథ మళ్లీ వచ్చింది. అప్పుడు తడిసిన పెళ్లికొడుకు తన మామేనని ఒక చిన్న కోడలు చెప్పేసరికి అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఈరక్క కూడా నవ్వింది. ఆ పెరట్లో అంత నవ్వు విని చాలా ఏళ్లయింది.

పైపలక మూసి అతికాక, హనుమేష్ చిలక మీద రంగు కొట్టబోయాడు. ఈరక్క వద్దంది. ముక్కు లేకపోయినా అది అట్లాగే ఉండాలంది.

వానలు పడి, ఎగువన నీళ్లొదిలి, నది నిండింది. వరద తగ్గి, నీటి రంగు తేరాక పడవ దించారు. వీరేష్ ట్రాక్టరుతో ఒడ్డుదాకా తెచ్చి, అమ్మను ముందు ఎక్కొద్దన్నాడు. ఆమె వినలేదు. పడవ నీళ్ల మీద ఒట్టి కుండలా తేలింది. ఎంత తేలిగ్గా ఉందంటే, ఆమె మొదటి తెడ్డు వేసేసరికి ఒడ్డు నుంచి జర్రున జారి అడ్డం తిరిగింది. గట్టు మీద ఎవరో అరిచారు. ఆమె రెండో పక్క తెడ్డు వేసి నిలుపుకుంది. పుట్టి అయితే తన చేతి మాట వింటుంది. దీనికి వేరే మాట నేర్పాలని ఆమెకు అర్థమైంది. ఒక వారం ఒట్టి పడవనే తిప్పింది. ఆ తర్వాత ఉరుకుందమ్మను ఎక్కించుకుంది. ఆ తర్వాత మొత్తం గుంపును.

ఈ ఏడు మిరప నాట్లకూ, కలుపులకూ ఆడవాళ్లు పడవ మీదే పోయారు. శివలీల తెడ్డు నేర్చుకుంటోంది. అత్త కంటే గట్టిగా వేస్తుంది గానీ గాలి వీస్తే తడబడుతుంది. "గాలితో కొట్లాడొద్దే, దాంతో పాటు పోయి మళ్లీ తిరుక్కో," అని ఈరక్క చెబుతుంటుంది.

మొన్నొక ఉదయం కోడలితో కలిసి ఆడవాళ్లను అవతల దించి, ఒట్టి పడవతో తిరిగి రాబోతుంటే ఒడ్డున ఒక ముసలి గొర్రెలకాపరి గొంగడి దులుపుతూ నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డు మనిషి, కన్నడం కలిసిన తెలుగు. "పడవ ఈరన్నదేనా?" అని అడిగాడు.

"ఈరన్నదే. నేను ఆయన పెండ్లాన్ని."

"పుట్టిలో మా అప్పను, మా కుర్రిల్ని, అదే గొర్రెల్ని, శానాసార్లు దాటిచ్చినాడు. దుడ్లు అడగకుండా దాటిచ్చేటోడు," అని ముసలాయన పడవను ఎగాదిగా చూశాడు. "నా గొర్రెల్ని దాటిస్తావేమ్మా? అద్దరిన మీ పక్క మేపు బాగుండాదంట."

ఈరక్క అతని వెనకున్న మందను చూసింది. "ఇది పుట్టి కాదప్పా. కాలి గిట్టలతో గీరి పెడతాయి. మందంతా ఎక్కనియ్యను."

"అన్నీ వద్దు. ఈ కుంటి గొర్రె, దాని పిల్ల. నడవలేకుండా ఉండాయి. తక్కినవి వంతెన మీద తోలుకొస్తా."

ఆమె పడవ పలక మీద చెయ్యి వేసి చూసింది. "గొంగడి కింద పరుస్తావా?"

"పరుస్తా."

"పిల్లను నువ్వెత్తుకోవల్ల. తల్లిని గట్టిగా పట్టుకోవల్ల."

"నేను రాను తల్లీ, మంద యాడ వదిలేది? నీకే ఇస్తా. అద్దరిన నా మనవడు ఉంటాడు, వాడికి అప్పజెప్పు," అని ముసలాయన గొంగడి పరిచి, కుంటి గొర్రెను ఎత్తి పడవలో పడుకోబెట్టాడు. గొర్రెపిల్లను ఈరక్క ఒళ్లో వేసుకుంది. అది ఒకసారి అరిచి, ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది. శివలీల నవ్వాపుకుంటూ తెడ్డు అందుకుని పడవను ఒడ్డు నుంచి నెట్టింది.